ముస్లి గడ్డల జాగ

మొదటి దెబ్బ భూమన్నే వేశాడు. గొడ్డలి కర్ర వెళ్లి హనుమండ్లు మోకాలికి తగిలింది. మనిషి ఒక దిక్కు పడ్డాడు, నెత్తి మీది గోనెసంచి ఒక దిక్కు పడింది. సంచిలోని ముస్లి గడ్డలు బురదలో దొర్లాయి.

"దొరికినవ్ బిడ్డా ఇయ్యాల!"

దొరక్క ఎక్కడికి పోతాడు? రోజూ తెల్లారగానే గడ్డపార పట్టుకొని గుట్టకు పోతున్నాడని ఊరంతా గుసగుసలే. గుట్టను కాపాడే కమిటీకి భూమన్న పెద్ద. అతనూ, అల్లుడి వరసైన కొండలూ మూడు రోజులుగా వానలో తడుస్తూ పొదల చాటున కాపు కాశారు.

ఈ హనుమండ్లు తక్కువోడేం కాదు. ఇరవై ఏళ్లు చెన్నూరు బేరగాళ్లకు గడ్డలు తవ్విపెట్టి గుట్టను బోడి చేసిన ఘనుడు. బాలింతకు పాలు పడాలన్నా, మంచం పట్టినోళ్లు లేచి నడవాలన్నా ఆ ఊరికి ఆ గడ్డే మందు. పోయిన ఏడు భూమన్న కోడలికి పాలు పడలేదు. గుట్టంతా గాలించినా పిడికెడు గడ్డలు దొరకలేదు. పసిగుడ్డు ఏడుపు భూమన్న చెవుల్లో ఇంకా ఉంది.

హనుమండ్లు మోకాలు పట్టుకోలేదు. పాక్కుంటూ పోయి గడ్డలు ఏరబోయాడు. ఆశ చూడండి వాడికి!

"జర తొక్కకుండ్రి రా... నలుగుతయ్!"

కొండల్ ఒకటి ఎత్తి చూశాడు. "చూడు మామా, పచ్చి ఆకులతోని పీకిండు. ఇత్తు గూడ రాలనియ్యలే."

భూమన్నకు ఒళ్లు మండిపోయింది. హనుమండ్లు కుడిచెయ్యి గుంజి బండ మీద పెట్టి కాలితో తొక్కాడు.

"ఏడ తవ్వినవ్? జాగ చూపెట్టు! మిగిలినయన్న కాపాడుకుంటం."

"చూపెట్ట."

ఒక వేలు విరిగింది.

"చూపెడుతవా, లేదా?"

"సంపుతె సంపు. జాగ తెలిస్తే రేపటికి ఒక్కటి మిగల్నియ్యరు."

"ఏం పొగరు రా నీది! దొంగవు నువ్వా, మేమా?"

రెండో వేలు విరిగింది. మూడోది కూడా. హనుమండ్లు అరిచిన అరుపుకు పొదల్లోని పిట్టలు లేచిపోయాయి. ఆ పెనుగులాటలో గడ్డలన్నీ ముగ్గురి కాళ్ల కింద పడి బురదలో కలిసిపోయాయి. అయినా జాగ చెప్పలేదు. కొండల్ కసిదీరా డొక్కలో తన్నాడు. దాంతో హనుమండ్లుకు మాట పడిపోయింది.

కబురందుకొని ఫారెస్టు బీట్ ఆఫీసర్ నవనీత వచ్చింది. నోట్లోంచి నెత్తురు కారుతున్న మనిషిని చూసి అదిరిపడింది.

"మనుషులేనా మీరు? ముందుగాల జీపు ఎక్కియ్యుండ్రి!"

జీపు దవాఖానకు కదిలాక కాగితం తీసింది. కేసు రాయక తప్పదు.

"గడ్డలు తవ్వుకొని గుట్ట దిగుతుంటే పట్టుకున్నరు. గంతేనా?"

"కాదు మేడం, ఊర్లకెల్లి గా గడ్డల సంచి మోసుకుంట గుట్ట ఎక్కుతుంటే పట్టుకున్నం" అన్నాడు కొండల్, గర్వంగా.