అగ్గిపెట్టె

"ముందు సీట్లో కూర్చోండి అత్తయ్యగారూ!" అంటూ నా కొత్త ఎస్‌యూవీ తలుపు బార్లా తీశాను. చూపు మాత్రం తోడల్లుడి మీదే ఉంది. నా చిన్న కారును పదిమందిలో అగ్గిపెట్టె అని వెక్కిరించిన మనిషి. దాన్ని షోరూములో ఇచ్చేసి ఇది కొన్నది, అతని మొహం మాడితే కళ్ళారా చూడాలనే.

అత్తగారు కాలెత్తారు. అందలేదు. మళ్ళీ ఎత్తబోయి, "అబ్బా!" అని మోకాలు పట్టుకున్నారు.

"స్టూలు తెస్తానుండండి."

"స్టూలేసుకుని కారెక్కాలా బాబూ? నీ పాత కారే నయం, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చునేదాన్ని."

"అందుకేగా కొన్నాను," అంటూ తోడల్లుడు షెడ్డులోంచి ఒక కారు బయటికి తీశాడు.

నా అగ్గిపెట్టె! వెనకద్దం మీద మా పాప అంటించిన సీతాకోకచిలుక కూడా అలాగే ఉంది.

"అమ్మకానికి పెడితే తెచ్చేశాను తమ్ముడూ. అప్పుడేదో నోటిదురుసుకొద్దీ అన్నాన్లే."

తిట్టుకోవడానిక్కూడా ఏమీ మిగల్చలేదు.

అత్తగారు హాయిగా ఎక్కారు. "మన కారు!" అంటూ మా పాప, దాని వెనకే మా ఆవిడ అందులోకే దూరారు.

ఏడు సీట్ల బండిలో నేనొక్కణ్ణే వాళ్ళ వెనకాల బయల్దేరాను. అద్దం సరిచేసుకుంటుంటే అందులో మాడిన మొహం కనిపించింది. నాదే.