పెళ్ళిచూపులకి పీస్ లిల్లీ

హలో, అందరికీ వినపడుతోందా? టిఫిన్లు అయినవాళ్ళు కూర్చోండి, కానివాళ్ళు తింటూనే చదవండి. కథ చిన్నదే.

కొలకలూరు ప్రకాశరావు గారికి ఒక్కడే కొడుకు. పేరు హేమంత్. వడ్లమూడిలో ఉద్యోగం. బాపట్లలో వ్యవసాయ డిగ్రీ చదివిన కావేరి అంటే వాడికి ప్రాణం. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి మాత్రం నోరు రాదు. "ఎవరినైనా అనుకున్నావేంట్రా" అని తండ్రి ఒకటికి రెండుసార్లు అడిగారు. అదేదో తనని పట్టుకోవడానికి వేసిన ఎర అనుకుని, "మీ ఇష్టం నాన్నా" అనేశాడు.

ఆ ఇంటి హాల్లో, కిటికీ పక్కన, హేమంత్ తెచ్చిన పీస్ లిల్లీ కుండీ ఉంది. కావేరి ఫోన్లో చెప్పినట్టే పెంచాడు. వేలు గుచ్చి చూసి, పైమట్టి పొడిగా ఉంటేనే నీళ్ళు. ఎండ నేరుగా తగలకుండా కిటికీ వెలుగు. ఆకుల మీద దుమ్ము పడితే తడిగుడ్డతో తుడవడం. మొక్క తెల్లటి పూలతో కళకళలాడుతోంది.

ఒకరోజు ప్రకాశరావు గారు ఆ మొక్కనే చూస్తూ అన్నారు.

"కోడలంటే హస్తవాసి ఉండాల్రా. వాడిపోయిన మొక్కకి గ్లాసుడు నీళ్ళు పోస్తే లేచి నిలబడాలి. పెళ్ళిచూపులకి ఈ కుండీ పట్టుకెళ్దాం. అప్పటికి అది వాలిపోయి ఉండాలి. ఆ పని నీది."

"మొక్కనా నాన్నా, పెళ్ళిచూపులకా?"

"నిన్ను కూడా తీసుకెళ్తాంలే."

ఆయన భార్య తులసి గారు నెత్తి కొట్టుకున్నారు. "అందరూ పూలూ పళ్ళూ పట్టుకెళ్తారండి."

"పూలమొక్కేగా. కుండీతో సహా పట్టుకెళ్తున్నాం."

హేమంత్ పెరట్లోకెళ్ళి కావేరికి ఫోన్ చేశాడు. ఆ పిల్ల నవ్వి నవ్వి తేరుకుంది.

"దాహమేసినా వాలిపోద్ది, నీళ్ళెక్కువైనా వాలిపోద్ది. చూడ్డానికి రెండూ ఒకటే. దాహంతో వాలింది గ్లాసుడు నీళ్ళకే లేస్తది. వేళ్ళు కుళ్ళి వాలిందనుకో, కాలవ మళ్ళించినా లేవదు."

"అయితే మిగతా వాళ్ళకి?"

"ముంచెయ్. నా వంతొచ్చినప్పుడు ఎండబెట్టు. మొక్కని మాత్రం చంపకు, పాపం."

మొదటి సంబంధం రేపల్లె. కుండీ కింద పళ్ళెంలో నీళ్ళు ఎప్పుడూ నిండుగా ఉండేలా చూశాడు హేమంత్. ఆకులు మెడలు వేలాడేశాయి. కారులో కుండీని ఎవరికీ ఇవ్వకుండా ప్రకాశరావు గారే ఒళ్ళో పెట్టుకున్నారు. దిగేసరికి పంచె ముందుభాగం తడిసి ముద్దయింది. గుమ్మం దాటేదాకా తులసి గారు ఆయనకి అడ్డంగా నడిచారు.

పెళ్ళికూతురు గ్లాసుడు నీళ్ళు పోసింది. మొక్క ఇంకాస్త వాలింది. ప్రకాశరావు గారు కాఫీ తాగి, "మళ్ళీ కబురు చేస్తాం బావగారూ" అని లేచారు.

రెండోది తెనాలి. మళ్ళీ అదే మొక్క, అదే తడి పంచె, అదే మాట. ఈసారి కాఫీ కూడా సగమే తాగారు.

ఇంటికొచ్చాక హేమంత్ గుట్టుగా కుళ్ళిన వేళ్ళు కత్తిరించి, కొత్త మట్టిలోకి మార్చి మొక్కని బతికించుకున్నాడు.

"సంబంధాలు మొదలెట్టాక ఇది పూయడమే మానేసిందండి," అన్నారు తులసి గారు.

"కంగారు పడకు. దానికీ నచ్చిన పిల్ల ఒకటుంటది," అన్నారాయన.

ఆ తర్వాత పెళ్ళిళ్ళ పేరమ్మ అనసూయమ్మ గారు, హేమంత్ బతిమాలినందుకు, తనకే తట్టినట్టుగా కావేరి సంబంధం తెచ్చారు. హేమంత్ నీళ్ళు మానేశాడు. బయలుదేరే రోజుకి ఆకులన్నీ కుండీ అంచు దాటి కిందికి వేలాడాయి.

కుండీ ఒళ్ళోకి తీసుకున్న ప్రకాశరావు గారు పొన్నూరు దాటినా తడవని పంచె సర్దుకుని కూనిరాగం మొదలెట్టారు.

"ఏంటండీ, ఎప్పుడూ లేనిది?"

"రోడ్డు బాగుందే," అన్నారాయన. కారు అప్పుడే ఒక గుంటలో పడి లేచింది.

బాపట్లలో కావేరి వాళ్ళ నాన్న శివరామయ్య గారు ఎదురొచ్చి తీసుకెళ్ళారు. కావేరి నీళ్ళు పోసింది. బజ్జీలొచ్చాయి. మొక్కలో చలనం లేదు. హేమంత్ ఆలస్యం చేయడానికి రెండో ప్లేటు తిన్నాడు. మూడోది కూడా తిన్నాడు. మొక్క మాత్రం అలాగే ఉంది. ప్రకాశరావు గారి కాఫీ అయిపోయింది. ఇక లేచేస్తారేమోనని హేమంత్ నాలుగో ప్లేటు అందుకున్నాడు. కావేరి పైట కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూపులు చూస్తోంది.

"బావగారూ, కాఫీ బాగుంది. ఇంకోటి ఇప్పించండి," అన్నారు ప్రకాశరావు గారు.

"మీకు షుగరండీ," అన్నారు తులసి గారు.

"ఈ ఒక్కరోజుకీ ఊరుకో."

ఆ తర్వాత ఆయన శివరామయ్య గారితో వరి రకాల దగ్గర మొదలెట్టి, పురుగు మందులు, మురుగు కాలవలు, ధాన్యం తేమ దాకా వెళ్ళారు. శివరామయ్య గారు ఆవలింత ఆపుకోలేక తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు లేచింది ఒక ఆకు. దాని పక్కది. చూస్తుండగా మొక్కంతా నిటారుగా నిలబడింది.

"చెయ్యంటే ఇదీ. తాంబూలాలు ఎప్పుడు పెట్టుకుందాం బావగారూ?"

రాత్రి ఇంటికి చేరగానే హేమంత్ ఫోను పట్టుకుని మేడెక్కేశాడు. తులసి గారు కుండీని కిటికీ పక్కన పెడుతూ అడిగారు.

"నిజంగా ఆ పిల్ల హస్తవాసేనంటారా?"

ప్రకాశరావు గారు చొక్కా గుండీలు విప్పుకుంటూ చెప్పారు. "హస్తవాసి లేదు, నా మొహం లేదు, నోరిప్పి చెప్పని నీ కొడుకు ఏ పిల్ల కోసం దీనికి నీళ్ళు మానేస్తాడో చూద్దామనేనే నేను కుండీ మోసుకుని ఊళ్ళు తిరిగింది."

పెళ్ళి మాటెత్తితే తల దించుకునే అబ్బాయి మీకు తెలిసిన ఇంట్లో ఎవరైనా ఉంటే, ఈ కథ వాళ్ళ నాన్నకి పంపండి, అబ్బాయికి మాత్రం వద్దు.