పార్క్‌లో బిగిసిన గేరు

జాకీ రాడ్డు మెకానిక్ కుడిచేతి మీద పడింది. వేళ్ళు విరిగిన చప్పుడు షెడ్డు బయటికి కూడా వినపడింది.

"మా అక్కను చంపావు కదరా," అన్నాడు తమ్ముడు. "మొన్న ఈ కారు గేరు బాగుచేసిచ్చింది నువ్వే. నిన్న అది దానంతటదే జారి అక్కను గేటుకేసి నలిపేసింది. ఒప్పుకుంటావా, ఎడం చెయ్యి కూడా విరగ్గొట్టనా?"

"ఇది ఆటోమేటిక్ కారు సార్, గేరు పార్క్‌లో పెట్టాక దానంతటది జారదు," మెకానిక్ గోడకు జారగిలబడి మూలిగాడు. "బ్రేకు తొక్కందే ఆ గేరు ఊడదు. నా పిల్లల మీద ఒట్టు."

పిల్లల మీద ఒట్టంటే ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు. వీడు వినే స్థితిలో ఉంటే కదా. డొక్కలో ఒక్క తన్ను తన్నాడు. మెకానిక్ నోట్లోంచి నెత్తురు కారి చొక్కా తడిసింది.

"వదలకురా వాణ్ణి," పక్కనే ఉన్న అక్క మొగుడు కళ్ళు తుడుచుకున్నాడు. "నేను శుభ్రంగా పార్క్‌లో పెట్టి లోపలికెళ్ళాను. చెప్పులు విప్పేలోపే దాని కేక వినపడింది. పరుగెత్తుకొచ్చి మళ్ళీ పార్క్‌లోకి లాగాను గానీ, అప్పటికే అంతా అయిపోయింది. గేరు వదులైపోయిందిరా."

ముందుభాగం నుజ్జయిన కారు అక్కడే ఉంది. తమ్ముడు అందులోకి దూరి గేరు పట్టుకుని గుంజాడు. బ్రేకు తొక్కి గుంజాడు. రెండు చేతులతో గుంజాడు. ఊహూ, వెంట్రుకవాసి కదల్లేదు.

"వదులైందన్నావు కదా బావా. ఇదేంటి, రాయిలా ఉంది?"

బావ ముఖం మాడిపోయింది. "వీడే ఏదో చేసి బిగించుంటాడు."

"బ్యాటరీ నలిగిపోయింది సార్. కరెంటు లేకపోతే బ్రేకు తొక్కినా లోపలి తాళం విడదు," అన్నాడు మెకానిక్. "విడిపించడానికి ఇంకో దారుంది. కానీ అది తెలిసినవాడు కావాలని చేత్తో చెయ్యాలి."

"తెలిసినవాడివి నువ్వేగా. అంటే చేసింది కూడా నువ్వే." ఈసారి రాడ్డు నేరుగా నెత్తిమీదికి లేచింది.

మెకానిక్ విరిగిన చెయ్యే అడ్డం పెట్టాడు. "చూపిస్తాను సార్. చూశాకే చంపండి. ఈ వేళ్ళతో నావల్ల కాదు, ఎవరైనా సీట్లో కూర్చుంటే చెప్తాను."

బావ తమ్ముణ్ణి పక్కకు నెట్టి తనే డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. "చెప్పి చావు. గేరు ఊడిందంటే నీ నాటకం కూడా అయిపోతుంది."

"ముందు కాలు బ్రేకు మీద పెట్టండి. తాళంచెవి తీసి చేత్తో పట్టుకోండి. ఆ తర్వాత..." నెత్తురు గొంతుకు అడ్డం పడి మెకానిక్ దగ్గసాగాడు.

"ఎంతసేపు నాన్చుతావురా?"

మెకానిక్ ఉమ్మేసి తలెత్తేసరికి లోపల టక్కుమని చప్పుడైంది. గేరు న్యూట్రల్‌లోకి జారింది.

"చూశావా, ఎంత తేలిగ్గా ఊడిందో," అన్నాడు బావ. "చంపెయ్ వాణ్ణి."

తమ్ముడు లోపలికి వంగి చూశాడు. గేరు పక్కనున్న గోరంత మూత ఊడి ఉంది. దాని కింది కన్నంలో తాళంచెవి గుచ్చి బావ ఇంకా నొక్కిపట్టుకునే ఉన్నాడు.

"సార్," అన్నాడు మెకానిక్ తమ్ముడితో, "ఆ మూత సంగతి నేనింకా చెప్పనే లేదు."