కొక్కెం మీద నలభై కిలోలు

నది ఒడ్డు పంపుషెడ్డులో రాగి తీగ పోయిన మర్నాడే క్లైవ్ కారవాన్, కారు వెనక తగిలించి లాక్కెళ్లే ఆ చక్రాల ఇల్లు, కొక్కెం మీద నలభై కిలోలు బరువెక్కింది.

ఆ సంగతి కనిపెట్టినవాడు నెవిల్. కనిపెట్టక ఏం చేస్తాడు, ఆయనకు వేరే పనేముంది కనుక. ముర్రే నది పక్కన ఆ కారవాన్ పార్కులో ఎవరు బయల్దేరినా టీ కప్పు కింద పెట్టేసి, చిన్న కాటా చంకన ఇరికించుకుని హాజరవుతాడు. కారు వెనక కొక్కెం ఎంత బరువు ఆపగలదో దాని పక్కనున్న రేకు మీద చదువుతాడు. ఆ కొక్కేనికి తగిలించే కారవాన్ ముక్కును కాటా మీదికి దింపుతాడు. తర్వాత అరగంట క్లాసు పీకుతాడు. బరువు మించితే కారు వెనక్కి కుంగుతుందనీ, స్టీరింగు మాట వినదనీ, బీమావాళ్లు పైసా ఇవ్వరనీ. అడగనివాళ్లకే ఎక్కువ చెబుతాడు.

ఇంట్లో మనిషినీ వదల్లేదు. పోయినేడు భార్య నోలీన్ కుట్టుమిషను బరువని దారి మధ్యలో దింపించేశాడు. ఆవిడ బట్టలకు పన్నెండు కిలోలు హద్దు. తన బీరు పెట్టెలకు మాత్రం హద్దూ పద్దూ లేదు.

నిన్న సాయంత్రం తూచినప్పుడు క్లైవ్ కొక్కెం మీద పడ్డ బరువు నూట ఎనభై అయిదు. రేకు మీద హద్దు రెండు వందలు. ఇవాళ పొద్దున రెండు వందల ఇరవై అయిదు. కొక్కెం మీద నలభై పెరిగిందంటే, మిగతాది చక్రాలు మోస్తాయి కనుక, లోపల ముందువైపు మంచం దగ్గర అరవై కిలోల సరుకు చేరినట్టు లెక్క. నెవిల్ గుండె గంతులేసింది.

దొంగ దొరికాడని కాదు, ఏడో నంబరు దొరుకుతుందని. నీళ్ల పక్కన, నీడలో, పార్కు మొత్తానికి అదొక్కటే చోటు. ఆరేళ్లుగా నెవిల్ దాని మీద కన్నేశాడు. ఏటా చలికాలం అది ఎవరికో దక్కడం, నెవిల్‌కు మరుగుదొడ్ల పక్కది దక్కడం మామూలైపోయింది. ఈసారి దాన్ని అక్కడి చలికాలం అయిపోయే సెప్టెంబరు దాకా తీసుకున్న క్లైవ్, ఏమైందో ఏమో, మధ్యలోనే బయల్దేరుతున్నాడు. వెళ్లేవాడు ఎవరి పేరు రాసిస్తే మిగిలిన రోజులు వాళ్లవి.

“ఏమోయ్ క్లైవ్, లోపల అరవై కిలోలది ఏదో ఉంది,” అన్నాడు నెవిల్ గొంతు తగ్గించి. “నిన్న లేదు.”

క్లైవ్ మొహం పాలిపోయింది. “గురువుగారూ, మీకు చెప్పకూడదని కాదు...”

“చెప్పొద్దు. అదేమిటో, నీ చేతికెలా వచ్చిందో నాకనవసరం. ఏడో నంబరు నా పేర రాసివ్వు. నేను చూడలేదు, తూచలేదు.”

క్లైవ్ నెవిల్‌ను వింతగా చూశాడు. “బాగా ఆలోచించుకున్నారా? రేపు వెనక్కి కావాలని అడిగితే కుదరదు.”

“నేనెందుకు అడుగుతానయ్యా? అలాంటి సరుకు నెత్తిన పెట్టినా నాకొద్దు.”

క్లైవ్ వెంటనే పెన్ను తీశాడు. కాగితం చేతిలో పడేసరికి నెవిల్‌కు జాలి పొంగుకొచ్చింది.

“ఇలాగే పోయావంటే మొదటి మలుపులోనే చస్తావు. దాన్ని ముందువైపు ఉంచకు. మధ్యలో, చక్రాల మీదికి జరుపు.”

క్లైవ్ లోపలికెళ్లి నిమిషంలో తిరిగొచ్చాడు.

“అప్పుడే జరిపావా? నడుం పట్టలేదూ?”

“మొండి సరుకు కాదులెండి.”

ఈసారి కాటా నూట ఎనభై ఆరు చూపించింది. నెవిల్ తన చేత్తోనే కొక్కెం తగిలించి, గొలుసులు బిగించి, వెనక లైట్లు వెలుగుతున్నాయో లేదో రెండుసార్లు చూసి, గేటు దాకా నడిచి చెయ్యి ఊపి మరీ పంపించాడు.

ఇక తన కారవాన్‌ను ఏడో నంబరులోకి వెనక్కి నడపాలి. వెనకాల నిలబడి చెయ్యి చూపించడం, తప్పు ఎవరిదైనా తిట్లు తినడం నోలీన్ పని. నెవిల్ రెండుసార్లు హారన్ కొట్టాడు. మూడోసారి కొట్టేసరికి పార్కు నడిపే గ్వెన్ వచ్చింది.

“విన్నారా? రాగి తీగ దొరికిందట. పక్క ఊళ్లో పాత సామాన్ల కొట్టు దగ్గర పట్టుకున్నారు, దొంగలతో సహా.”

“మొత్తమా?” అన్నాడు నెవిల్.

“మూరెడు కూడా తగ్గలేదట.”

మరి ఆ అరవై కిలోలు ఏమిటి? నెవిల్ ఇంకా ఆ లెక్కలోనే ఉండగా ఫోను మోగింది. నోలీన్. వెనకాల రోడ్డు హోరు వినిపిస్తోంది.

“ఎక్కడున్నావు నువ్వు? ఇక్కడ బండి వెనక్కి పెట్టాలి, తెలీదూ?”

“ఇప్పుడే క్లైవ్ పక్కన, ముందు సీట్లోకి మారాను,” అంది నోలీన్. “అరవై అరవై అని ఊరంతా చెప్పకు నెవిల్, నేను యాభై ఏడే.”