కడుపు దానం

"మీది పనికిరాదు తేజస్. మీ భార్యది పనికొస్తుంది," అన్నాడు డాక్టర్ దేవదానం, రిపోర్టులు పక్కన పెడుతూ.

తేజస్ ముఖం మాడిపోయింది. కన్నతల్లికి తన కడుపు పనికిరాకపోవడమేమిటి?

"నాకేం ప్రాబ్లం సార్?"

"రెండు నెలల కిందట గొంతునొప్పికి యాంటీబయాటిక్స్ వాడారు. మీ పేగుల్లో మంచి బాక్టీరియా ఇంకా కోలుకోలేదు. ఫర్హానా గారి కడుపు మాత్రం సంతరోజు మీ ఊరు హొసకోటెలా ఉంది. అన్ని రకాలూ ఉన్నాయి."

ఫర్హానా నవ్వు ఆపుకుంది. పెళ్ళయిన మూడేళ్ళలో అత్తగారి విషయంలో తనకు దక్కిన మొదటి మెప్పు ఇది. అదీ దేని గురించో!

కానీ నవ్వుకునే సమయం కాదు. తేజస్ తల్లి పాపక్కకు న్యుమోనియా వస్తే, వాడిన మందులు ఊపిరితిత్తులను బాగుచేసి పేగులను పాడుచేశాయి. మేలుచేసే సూక్ష్మజీవులు చచ్చిపోయి, ఆ చోటంతా ఒక మొండి క్రిమి ఆక్రమించుకుంది. రోజుకు పదిహేను విరేచనాలు. తగ్గినట్టే తగ్గి జబ్బు మూడోసారి తిరగబెట్టింది. హొసకోటెలో రాగుల బస్తాలు ఒంటిచేత్తో దించిన మనిషి మంచానికి అతుక్కుపోయింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మలాన్ని శుద్ధిచేసి, అందులోని మంచి సూక్ష్మజీవులను గొట్టం ద్వారా ఆమె పేగులోకి పంపాలి. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పన్నాడు డాక్టర్.

"అమ్మ చచ్చినా ఒప్పుకోదు సార్," అన్నాడు తేజస్. "ఫర్హానా చేతి మంచినీళ్ళే తాగదు. వైట్‌ఫీల్డ్‌లో మా ఫ్లాట్‌కొస్తే సొంత సీసా, సొంత డబ్బా. నాదేనని చెప్పేద్దాం."

"చికిత్సకు ఆమె సంతకం పెట్టేశారు. మీరేం చెప్పుకుంటారో మీ ఇష్టం. నేనైతే అబద్ధం చెప్పను. దాత ఎవరని ఆమె అడిగితే నిజమే చెప్తాను."

"అడగరు. ఆ సంగతి నేను చూసుకుంటా," అంది ఫర్హానా ధీమాగా. "ముందు మనిషి లేవనీ. నన్ను తిట్టాలన్నా అత్తమ్మకు ఓపిక రావాలి కదా."

వార్డులో తల్లి మంచం మీద కూర్చుని తేజస్, "అమ్మా, డాక్టర్ నాదే తీసుకుంటాండాడు," అన్నాడు.

పాపక్క కొడుకును ఎగాదిగా చూసింది. "సరేలేప్పా," అంది. మరో ప్రశ్న వేయలేదు. గండం గడిచిందనుకున్నారు ఇద్దరూ.

చికిత్సకు ఇంకా వారం గడువుంది. ఆ వారమంతా పాపక్క మంచం మీంచే పెత్తనం చేసింది. నీరసం కాళ్ళకే గాని నోటికి లేదు.

"ఏమప్పా, ఆ పిల్ల దవడ పట్టుకోనుండాది?"

"పన్ను నొప్పంటమ్మా. డెంటిస్టు మాత్రలు రాసిచ్చినాడు."

"మాత్రలూ వద్దు, మన్నూ వద్దు. లవంగం పెట్టుకోమను. పన్ను నొప్పికి ఎవరన్నా సస్తారా?"

దాతగా ఫర్హానా ఎలాగూ ఆ యాంటీబయాటిక్ మాత్రలు ముట్టకూడదు. అయినా ఆ మాటకు ఆమె మనసు చివుక్కుమంది. ఇన్నాళ్ళూ తన చేతి నీళ్ళే తాగలేదు, ఇప్పుడు తన నొప్పి కూడా లెక్కలేదా?

మర్నాడు తేజస్ బిర్యానీ పొట్లం తెచ్చాడు. పాపక్క వాసన పట్టేసింది.

"అవతల పారేయ్. ఆ వాసన నాకు పడదు. మా చెల్లెలు రాగిముద్ద, మునగాకు పప్పు పంపించుండాది. అది తినమను ఆ పిల్లని."

"అది నీకోసం కదమ్మా."

"నాకు దిగుతాదా? పారేసేది ఆమె తింటే ఏం?"

ఫర్హానా తలొంచుకుని ముద్ద తింది. ఆ రోజే కాదు, రోజూ అదే వరస. వరండాలోకి వచ్చాక తేజస్ కోపం ఆపుకోలేకపోయాడు.

"ఇంక చాలు. అమ్మతో నేను స్ట్రెయిట్‌గా మాట్లాడతా."

"నోరు మూసుకుని ఉండు. అనుమానం వస్తే అంతా పోతుంది. అయినా ముద్ద బాగానే ఉంది," అంది ఫర్హానా కళ్ళు తుడుచుకుని.

చికిత్స అనుకున్నట్టే జరిగింది. మూడో రోజుకు విరేచనాలు రెండుకు దిగాయి. వారం తిరిగేసరికి పాపక్క లేచి కూర్చుని, ఆస్పత్రి కాఫీలో పాలే లేవని నర్సుతో తగువు పెట్టుకుంది. ఆ గొంతు విని ఫర్హానాకు ప్రాణం లేచొచ్చింది.

పాపక్కను ఇంటికి పంపే రోజు ఫర్హానా ఒక్కతే డాక్టర్ గదిలోకి వెళ్ళింది.

"సార్, ఆ ఫైల్లో నా పేరుంటే అత్తమ్మ చేతికివ్వొద్దు. ఎవరితోనైనా చదివించుకుంటారు."

దేవదానం కళ్ళజోడు తీశాడు.

"మేడమ్, పరీక్షలన్నీ చేసి ఉంచిన దాతలు మా ఆస్పత్రికే నలుగురున్నారు. ఇంట్లోవాళ్ళతో నాకు పనే లేదు. మరి మిమ్మల్నెందుకు పిలిచాననుకున్నారు?"

"తేజస్ పనికిరాలేదని..."

"కొడుకు నొచ్చుకుంటాడని ఇద్దరినీ రమ్మన్నాను. ఇంటికి వెళ్ళే రోజు దాకా మీకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నారు."

"ఎవరు సార్?"

"మొదటిరోజే దాతగా మీ పేరు రాయించింది పాపక్క గారే."