మగ్గం గుంతలో ఎలుక

మగ్గం గుంతలో బతికున్న ఎలుకను చూసి అరుణజ్యోతి అరిచింది. పైన పెండ్లి చీరకు పట్టు పోగుల పడుగు బిగించి ఉంది. ఎలుక దాన్ని కొరికితే ఇన్నాళ్ల కష్టం పోయినట్టే.

"మన పిల్లి తెచ్చి ఇడిసింటాది మామా. జిగురు అట్ట తెస్తా ఉండు."

"వద్దు!" మామగారు శివన్న గుంతలోకి దిగి డబ్బా బోర్లించాడు. ఎలుక పక్కనుంచి జారిపోయింది. "బతికుండంగానే పట్టాల."

"నీకు దొరుకుతాదా అది? పోనీ, పిల్లినన్నా దింపు."

"దాన్ని లోపలేసి గొళ్లెం పెట్టినా. నువ్వు కూడా పో తల్లీ. ఐదో నెల నీకు."

"నాకేమైతాది? పడుగు పోతాంటే డబ్బా పట్టుకొని దాగుడుమూతలాడతాండావే!"

ఎలుక పడుగు మీదికి ఎగబాకింది. ఒక పోగు పుటుక్కున తెగింది. చేతికందేంత దగ్గరే ఉన్నా శివన్న కదలలేదు.

"కొట్టు మామా! ఎన్ని చంపలేదు నువ్వు!"

"నా చేత కాదమ్మా. పిల్లి నోట్లోంచి దీన్ని ఇడిపించింది నేనే. పోయినేడు బోన్లో పడిన ఇంకో ఎలుకను నీళ్ల తొట్టిలో ముంచి చంపినా. ఆ సందకాడే నీ కడుపు పోయె. ఇంతవరకూ ఎవురికీ చెప్పుకోలేకపోయినా."