సున్నా వెడల్పు

“మధ్యాహ్నం మందుల గోదాం ఆయన వస్తున్నారు. ఈ స్క్రీన్ గానీ ఆయనకి నచ్చిందా, రేపట్నుంచి టీమ్ లీడర్ ఈ అమ్మాయే!” అన్నాడు బాస్, ఆఫీసంతా వినపడేలా.

సీనియర్ చేతిలో కాఫీ కప్పు గాల్లో ఆగిపోయింది. ఆ కుర్చీ తనదేనని ఇంటా బయటా చెప్పేసుకున్నాడు. ఇంట్లో ఆవిడైతే అప్పుడే పుట్టింటికి ఫోన్ కూడా కొట్టేసింది.

“గురువుగారూ, ఒక్కసారి చూసి పెట్టరూ!” అంటూ అమ్మాయి తన మానిటర్ని ఇటు తిప్పింది.

ఎడమ పక్కన మందుల కంపెనీల పేర్లు. ఒక పేరు నొక్కితే దాని కింద మందులు, మందు నొక్కితే దాని కింద బ్యాచ్‌లు, చెట్టుకి కొమ్మల్లా విచ్చుకుంటున్నాయి. గడువు దాటిన మందుల పేర్లు ఎర్రగా ఉన్నాయి. కుడి పక్కన నిల్వ, ధర, గడువు తేదీ, ఒక్కోదానికి ఒక్కో కాలమ్. పొడుగాటి పేరు బయటికి రాగానే పేర్ల కాలమ్ దానంతటదే వెడల్పయింది. కొమ్మ ముడవగానే మళ్ళీ సన్నబడింది.

సీనియర్ రాసిన పాత స్క్రీన్లో కాలమ్‌లు గోడల్లా కదలవు. పేరు పట్టకపోతే సగంలో తెగి మూడు చుక్కలు పడతాయి. ‘కావాలంటే మౌస్‌తో లాక్కుంటారు, వాళ్ళకి చేతుల్లేవా?’ అనేది అతని వాదన.

“బానే ఉంది,” అన్నాడు పళ్ళ బిగువున.

“మీరు బానే ఉందన్నారంటే నాకు అవార్డు వచ్చినట్టే!” అని నవ్వింది.

ఆ నవ్వుకి అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల! కాలమ్ అంటే ఏమిటో నేర్పిందే తను!

భోజనాల వేళకి అందరూ లేచారు. అమ్మాయి కూడా బాక్సు పట్టుకుని వెళ్ళిపోయింది.

“రావా?” అని అడిగాడు బాస్.

“ఆకలిగా లేదు,” అన్నాడు సీనియర్. నిజమే. కడుపు నిండా మంటే ఉంది.

గది ఖాళీ కాగానే వెళ్ళి అమ్మాయి కుర్చీలో కూర్చున్నాడు. కోడ్‌లో గడువు తేదీ కాలమ్ ఎక్కడుందో వెతికి పట్టుకున్నాడు. దాని వెడల్పు సున్నా చేశాడు. కనీస వెడల్పూ సున్నా చేశాడు. మౌస్‌తో లాగినా రాకుండా బిగించాడు. కాలమ్‌ని చంపలేదు, ఊపిరాడకుండా నొక్కేశాడంతే. గడువు తేదీ కనిపించని స్క్రీన్ని మందుల వ్యాపారి గుమ్మం కూడా దాటనివ్వడు!

డెమో మొదలైంది. మీటింగ్ గదిలో పెద్ద తెర. గోదాం ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి ముందుకు వంగాడు.

“ముందీ మాట చెప్పమ్మా. పేర్లు పూర్తిగా కనిపిస్తాయా? మీ పాతదాంట్లో అన్నీ సగం సగమే. రెండు మందుల పేర్లు మొదట్లో ఒకేలా ఉంటే, మావాళ్ళు ఒకటి పంపమంటే ఇంకోటి పంపారు. తిట్లు తిన్నది నేను!”

సీనియర్ నేల చూపులు చూశాడు. అమ్మాయి కొమ్మ విప్పింది. కాలమ్ వెడల్పయింది.

“ఓహో! ఇదీ పనంటే!” అన్నాడాయన. ఉన్నట్టుండి నొసలు ముడిచాడు. “అవునూ, గడువు తేదీలేవి?”

సీనియర్ గుండెలో బాజాలు మోగాయి.

అమ్మాయి ఆయన వైపు తిరిగింది. “ఆ కాలమ్ తీసేశానండీ.”

“తీసేశావా?”

“గడువు దాటినవి ఎర్రగా కనిపిస్తూనే ఉన్నాయి కదండీ. తేదీలు చదివి లెక్కలు కట్టే తిప్పలు మీవాళ్ళకెందుకని. ఆ మిగిలిన చోటు పేర్లకిచ్చాను.”

గోదాం ఆయన తెర వంకే చూశాడు. మెల్లగా నవ్వాడు. “భలేదానివే! మావాళ్ళకి రంగులైతేనే తలకెక్కుతాయి.”

“అయితే ఖాయమే కదండీ?” అన్నాడు బాస్.

“ఇంకా అడుగుతారేమిటి!”

సీనియర్‌కి ఒళ్ళంతా కారం రాసినట్టయింది. ఎంత గడుసు పిల్ల! తను చేసిన పాపం దాని ఖాతాలో పుణ్యమైపోతోంది! ఇక పట్టలేకపోయాడు. కుర్చీ వెనక్కి తన్ని లేచాడు.

“అబద్ధం సార్! మన కళ్ళకి గంతలు కడుతోంది. ఆ కాలమ్ తీసెయ్యలేదు, అక్కడే ఉంది! వెడల్పు సున్నా, కనీస వెడల్పు సున్నా. మౌస్‌తో లాగినా రాదు. చేసిన పొరపాటుని తెలివితేటల కింద అమ్ముతోంది!”



“ఏమ్మా, నిజమేనా?” అన్నాడు బాస్.

అమ్మాయి తెల్లబోయి చూసింది. కోడ్ తెరిచి పెద్ద తెర మీద పెట్టింది. మందు పేరు. నిల్వ. ధర. అక్కడితో కాలమ్‌లు అయిపోయాయి.

“ఇందులో గడువు తేదీ కాలమ్ అసలు లేదు సార్. భోజనాలప్పుడు ఈ గదిలోని కంప్యూటర్ ముందే కూర్చుని, తింటూ తింటూ తీసేశాను. ఇది కొత్త కాపీ. పాతది నా సీటు దగ్గరే ఉంది. నేను లేచి వచ్చేటప్పటికి అందులో గడువు తేదీ కాలమ్ మామూలుగానే ఉంది.”

బాస్ నిదానంగా సీనియర్ వైపు తిరిగాడు.

“మరి ఆ రెండు సున్నాలూ నువ్వెక్కడ చూశావయ్యా?”